చూసిన పిట్టను ఎక్కడ రాయాలి? వాట్సాప్, నోటుబుక్, ఈబర్డ్, ఐనాచురలిస్ట్‌లలో ఎవరికి ఏది సరిపోతుంది

దసరా నాడు పాలపిట్ట కంటపడితే ఏడాదంతా మంచి జరుగుతుందని మన నమ్మకం. జమ్మి చెట్టుకు మొక్కి వచ్చేటప్పుడు అందరి కళ్లూ కరెంటు తీగల మీదే ఉంటాయి. తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా అదే. ఆ పాలపిట్ట మన దేశంలో పన్నెండేళ్ల వ్యవధిలో దాదాపు 30 శాతం తగ్గిందని 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక తేల్చింది. ఈ లెక్క కోసం శాస్త్రవేత్తలు ఊరూరా తిరగలేదు. దేశమంతటా 30 వేల మందికి పైగా పక్షి ప్రేమికులు తాము చూసినవి రాసి పెట్టారు. అలా పోగైన దాదాపు 3 కోట్ల నమోదులే 942 జాతుల గురించి మాట్లాడే వీలు ఇచ్చాయి.

మన తెలుగు నేల మీద పక్షులను ఇష్టంగా చూసేవాళ్లకు కొదవ లేదు. పొద్దున్నే చెరువు గట్టు మీద నడిచేవాళ్లు, కెమెరా భుజాన వేసుకుని పులికాట్‌కు, మంజీరకు పోయేవాళ్లు, డాబా మీద గింజలు చల్లి పిచ్చుకల కోసం ఎదురుచూసేవాళ్లు చాలామంది ఉన్నారు. అయితే వాళ్లు చూసినదాంట్లో ఎక్కువ భాగం కెమెరా కార్డుల్లో, ఫోన్ గ్యాలరీల్లో, జ్ఞాపకాల్లో ఆగిపోతోంది. నాకు బాధ కలిగించేది అదే. ఏ పక్షి, ఎన్ని, ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు చూశారు అన్న ఐదు సంగతులూ ఒకచోట చేరితే మీ ఉదయపు నడక కూడా ఆ నివేదికలో భాగమవుతుంది.

ఆ చోటు ఏదన్నదే ఇప్పుడు ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక్కటే ఎంచుకోవాలంటే, చూసిన పక్షుల లిస్టు నమోదు చేసే యాప్ ఈబర్డ్‌ను ఎంచుకోండి. మీరు ప్రధానంగా ఫొటోలు తీసేవాళ్లయి, సీతాకోకచిలుకలు, మొక్కలు, పాములు కూడా చూస్తుంటే, ఏ జీవి ఫొటోనైనా పెట్టగలిగే ఐనాచురలిస్ట్ యాప్ మీకు బాగా కుదురుతుంది. నోటుబుక్ ఈ రెండింటికీ తోడుగా ఉండాలి. వాట్సాప్‌ను కబుర్లకు ఉంచుకోండి, రికార్డు మాత్రం అక్కడితో ఆపకండి. ఎందుకిలా అంటున్నానో ఒక్కొక్కటిగా చెబుతాను.

వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్

చాలామంది మొదలుపెట్టేది ఇక్కడే, అందులో తప్పేమీ లేదు. కొత్తగా చూసిన పక్షి ఫొటో గ్రూపులో పెట్టగానే పది నిమిషాల్లో ఎవరో ఒకరు పేరు చెప్పేస్తారు. రేపు పొద్దున ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో తెలుస్తుంది. ఒంటరిగా మొదలుపెట్టినవాళ్లకు తోడు దొరుకుతుంది. ఆ ఉత్సాహం ఏ యాప్‌లోనూ దొరకదు.

సమస్య ఆ తర్వాత వస్తుంది. మూడేళ్ల కిందట మీ చెరువుకు బాతుల గుంపు ఏ వారంలో దిగిందో ఇప్పుడు ఆ గ్రూపులో వెతికి చూడండి. గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల మధ్య అది దొరకదు, ఫోన్ మార్చి ఉంటే అసలే దొరకదు. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే సైజు తగ్గిపోవడమే కాదు, ఫొటో ఫైల్లో ఉండే తేదీ, టైమ్, లొకేషన్ వివరాలు కూడా పోతాయి. అంటే మీ దగ్గర నుంచి ఆ ఫొటో అందుకున్న మిత్రుడు మీ తరఫున నమోదు చేద్దామన్నా చేయలేడు. ఇన్‌స్టాగ్రామ్‌లో అందమైన ఫొటోకు విలువ. గట్టు మీద వాలిన మామూలు కాకిని అక్కడ ఎవరూ పెట్టరు, పెట్టినా ఎవరూ చూడరు. పక్షుల లెక్కకు కావాల్సింది ఆ కాకి కూడా.

గ్రూపు నడిపేవాళ్లకు ఒక మాట. “ఈరోజు ఏం చూశారు?” అని అడిగే చోట “ఈరోజు లిస్టు లింకు పెట్టండి” అని అడగడం మొదలుపెట్టండి. కబుర్లు అలాగే సాగుతాయి, రికార్డు మాత్రం చేరాల్సిన చోటుకు చేరుతుంది.

నోటుబుక్

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1930ల మొదట్లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఏ పక్షి ఎక్కడ, ఏ తేదీన కనిపించిందో అప్పట్లో రాసి పెట్టబట్టే, తొంభై ఏళ్ల కిందట ఇక్కడ ఏముండేదో ఇవాళ మనం చూసుకోగలుగుతున్నాం. రాసి పెట్టిన కాగితం అంతకాలం పనికొస్తుంది.

నోటుబుక్‌కు ఛార్జింగ్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు, ఇంగ్లిష్ రానక్కర్లేదు. పక్షి పేరు తెలియకపోతే బొమ్మ గీసుకోవచ్చు: తల మీద నల్ల గీత, కాళ్లు పసుపు, తోక ఆడిస్తూ నడిచింది. ఇలా రాసుకునేవాళ్లకు పక్షిని పట్టి చూడటం అలవాటవుతుంది. ఫొటో తీసి ఇంటికెళ్లి చూద్దాంలే అనుకునేవాళ్లకు ఆ అలవాటు ఆలస్యంగా వస్తుంది. అరవై దాటిన పెద్దవాళ్లకు, ఫోన్ తెర మీద చిన్న అక్షరాలు చూడలేనివాళ్లకు మొదటి సలహాగా నేను నోటుబుక్కే చెబుతాను.

దాని లోపం ఒక్కటే, అది మీ ఇంట్లోనే ఉండిపోతుంది. చెదలు పట్టినా, ఇల్లు మారినప్పుడు పోయినా అన్నేళ్ల శ్రమ పోయినట్టే. అందుకని నోటుబుక్‌లో రాసుకునేవాళ్లు ఇంట్లో మనవడితోనో, మనవరాలితోనో, ఊళ్లో కాలేజీ పిల్లలతోనో దాన్ని ఈబర్డ్‌లోకి ఎక్కించే పని పెట్టుకోవాలి. పాత తేదీలతో కూడా లిస్టులు వేయడానికి అక్కడ వీలుంది. ఇరవై, ముప్పై ఏళ్ల కిందటి నోటుబుక్ మీ బీరువాలో ఉంటే అది నిధి అనుకోండి. ఇవాళ్టి లిస్టులు ఇవాళ వేలమంది వేయగలరు, 1990 నాటి లిస్టు అప్పుడు రాసుకున్నవాళ్లు తప్ప మరెవరూ వేయలేరు.

ఈబర్డ్

పక్షుల మీద పనిచేసే కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ, నేషనల్ ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో అమెరికాలో దీన్ని మొదలుపెట్టాయి. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. మన దేశంలో దీని చుట్టూ జరిగే పనిని ‘బర్డ్ కౌంట్ ఇండియా’ అనే సంస్థల కూటమి చూస్తుంది. డబ్బు కట్టనక్కర్లేదు. మన ప్రాంతపు పక్షుల జాబితాను ఫోన్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేని అడవిలో కూడా యాప్ పనిచేస్తుంది, ఇంటికొచ్చాక పంపించుకోవచ్చు.

మిగతా వేటిలోనూ లేనిది ఇందులో ఒకటుంది. లిస్టు పూర్తయ్యాక యాప్ ఒక ప్రశ్న అడుగుతుంది: మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నీ రాశారా? ఈ ఒక్క ప్రశ్న కోసమే నేను ఈబర్డ్ వైపు మొగ్గుతాను.

ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. పొద్దున 6:40కి ఊరి చెరువు గట్టెక్కారు. యాప్‌లో లిస్టు మొదలుపెట్టారు, మీరు నడిచిన దారిని, పట్టిన సమయాన్ని అదే లెక్కపెడుతోంది. నలభై నిమిషాలు నడిచారు. నీళ్లలో మొద్దుల మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు అరవై దాకా ఉన్నాయి. నారాయణ పక్షులు నాలుగు, గుడ్డికొంగలు తొమ్మిది, లకుముకి పిట్టలు రెండు, తీతువులు మూడు, గోరింకలు పదకొండు, కాకులు ఏడు. తుమ్మచెట్టులో కనిపించకుండా కూసిన జెముడుకాకి ఒకటి. విన్నది కూడా లెక్కే. అన్నీ రాసి ఆ ప్రశ్నకు “అవును” అన్నారు.

ఈ లిస్టులో పాలపిట్ట లేదు, పిచ్చుక లేదు. మీరు “అవును” అన్నారు కాబట్టి అవి ఆ నలభై నిమిషాల్లో మీకు కనిపించలేదని కూడా ఈ లిస్టు చెబుతోంది. ఇలాంటి వంద లిస్టుల్లో పాలపిట్ట ఎన్నింటిలో ఉంది, పదేళ్ల కిందట వందలో ఎన్నింటిలో ఉండేది అని పోల్చితేనే తగ్గిందో పెరిగిందో తెలుస్తుంది. పాలపిట్ట ఫొటోలు లక్ష ఉన్నా ఆ సంగతి తేలదు. ఫొటో పక్షి ఉన్నచోటు చెబుతుంది. లేనిచోటు చెప్పేది పూర్తి లిస్టు ఒక్కటే. పిచ్చుకల విషయమూ ఇలాగే తేలింది. అవి దేశమంతటా అంతరించిపోతున్నాయని అందరం అనుకుంటున్న రోజుల్లో, ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ 2020 నివేదిక లిస్టులన్నీ పరిశీలించి, కొన్ని పెద్ద నగరాల్లో తగ్గినా దేశం మొత్తం మీద వాటి సంఖ్య దాదాపు నిలకడగానే ఉందని చెప్పింది.

అందుకే కాకిని, గోరింకను, పావురాన్ని వదిలేయకండి. అరుదైన పక్షి ఒక్కటి రాసి పంపిన లిస్టు కన్నా, మామూలు పక్షులు పదిహేను ఉన్న పూర్తి లిస్టే నా దృష్టిలో గొప్పది.

వాడేవాళ్లు తరచూ తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది లెక్క. గుంపు పెద్దదైతే భయపడి చాలామంది సంఖ్యకు బదులు ‘ఎక్స్’ పెట్టేస్తారు. ఎక్స్ అంటే ఉన్నాయి, ఎన్నో తెలియదు అని. అలా కాకుండా గుంపులో ఒక పక్కన పది పక్షులను లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా పట్టాయో చూసి, అలాంటివి మొత్తం గుంపులో ఎన్ని పడతాయో అంచనా వేయండి. అరవై అని రాస్తే నిజానికి యాభై అయిదు ఉన్నా ఫర్వాలేదు. ఆరుకు, ఆరు వందలకు తేడా తెలిస్తే చాలు.

రెండోది దూరం. వెళ్లిన దారినే తిరిగి వస్తే వెళ్లిన దూరం మాత్రమే రాయాలి. ఒక చెరువు చూసి బండి మీద ఇంకో చెరువుకు వెళ్తే అది కొత్త లిస్టు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, యాభై కిలోమీటర్లు తిరిగి ఒక్కటే లిస్టు వేస్తే ఏ పక్షి ఎక్కడ ఉందో ఎవరికీ తెలియదు. పావుగంట నుంచి గంట లోపు చిన్న లిస్టులు నాలుగు వేయడం చాలా మేలు. బస్సు కిటికీలోంచి అనుకోకుండా ఒక గరుడ పక్షి కనిపించిందనుకోండి, దాన్ని ‘ఇన్సిడెంటల్’ కింద వేసుకోవచ్చు. అది పూర్తి లిస్టుల లెక్కలోకి రాదు.

మూడోది, నలుగురు కలిసి వెళ్తే నలుగురూ విడివిడిగా లిస్టు వేయడం. ఒకరు వేసి మిగతావాళ్లకు షేర్ చేస్తే అందరి ఖాతాల్లోనూ చేరుతుంది, గుంపు లెక్క నాలుగింతలు కాకుండా ఉంటుంది.

కొత్తవాళ్లు నొచ్చుకునేది ఇంకొకటుంది. మే నెలలో తెలంగాణలోని ఒక వాగు దగ్గర వైట్ వాగ్‌టెయిల్ చూశానని రాశారనుకుందాం. కొన్నాళ్లకు ఆ ప్రాంతపు నమోదులను సరిచూసే రివ్యూయర్ నుంచి మెయిల్ వస్తుంది: వివరాలు ఇవ్వగలరా, ఫొటో ఉందా? నన్ను నమ్మడం లేదా అనిపిస్తుంది. కానీ ఆ అడగడానికి కారణం ఉంది. వైట్ వాగ్‌టెయిల్ మన దగ్గరికి చలికాలంలో వచ్చి ఎండలు ముదిరే నాటికి వెళ్లిపోయే వలస పక్షి. అదే వాగు దగ్గర ఏడాది పొడుగునా ఉండే వైట్-బ్రౌడ్ వాగ్‌టెయిల్ కూడా నలుపు తెలుపుల్లోనే ఉంటుంది. దాని తల నల్లగా, కంటిపైన తెల్లటి కనుబొమ లాంటి గీతతో ఉంటుంది, ముఖం మాత్రం తెల్లగా ఉండదు. రివ్యూయర్లు కూడా మనలాగే జీతం లేకుండా పనిచేసే పక్షి ప్రేమికులే. జవాబు ఇవ్వండి. పొరపడ్డామనిపిస్తే మార్చండి, నమ్మకం ఉంటే చూసిన గుర్తులు రాయండి. అలా ప్రశ్న అడిగే మనిషి ఉన్నాడు కాబట్టే ఈ డేటాను శాస్త్రవేత్తలు నమ్ముతున్నారు.

ఈబర్డ్‌కు లోపాలు లేకపోలేదు. వాడుక ఎక్కువగా ఇంగ్లిష్ పేర్లతోనే సాగుతుంది. ఊళ్లో పశువులు కాసే ఆయనకు పసుల పోలిగాడు తెలుసు, బ్లాక్ డ్రోంగో తెలియదు. పక్షులు తప్ప ఇంకేవీ ఇందులో రాయలేం. జిల్లాలో ఎవరు ఎక్కువ జాతులు చూశారో చూపించే జాబితా ఒకటుంటుంది. దాన్ని చూసి ఉత్సాహపడేవాళ్లున్నారు, దాని కోసం చూడనిది రాసేసే ప్రలోభమూ ఉంటుంది. ఆ జాబితా వైపు చూడకపోయినా యాప్ చక్కగా పనిచేస్తుంది. మీ లిస్టులన్నీ ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫైలుగా దింపుకోవచ్చు. ఏ యాప్‌కు అలవాటుపడే ముందైనా ఈ ఒక్క సౌకర్యం ఉందో లేదో చూసుకోండి.

ఐనాచురలిస్ట్

2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. ఇక్కడ లిస్టు ఉండదు. ఒక జీవి, ఒక ఫొటో లేదా ఒక ధ్వని రికార్డింగ్, ఒక చోటు, ఒక సమయం, అంతే. పేరు తెలియకపోయినా “పక్షి” అని పెట్టి వదిలేయొచ్చు. తెలిసినవాళ్లు వచ్చి పేరు చెబుతారు. కనీసం ఇద్దరు ఒకే జాతి పేరు దగ్గర కలిసి, తేదీ, చోటు సరిగా ఉంటే దానికి ‘రీసెర్చ్ గ్రేడ్’ వస్తుంది.

పేరు తెలియని పక్షితో మొదలుపెట్టేవాళ్లకు ఇది ఈబర్డ్ కన్నా సులువు. ఈబర్డ్‌లో పేరో, కనీసం ఏ రకం పక్షో తెలిస్తేనే రాయగలం. ఇక్కడ ప్రశ్నతోనే మొదలుపెట్టొచ్చు. పొలం గట్టు మీద పసిరిక పిట్టను తీసిన అదే నడకలో, అది నోట కరుచుకున్న తూనీగను, పక్కన పూసిన తంగేడును కూడా పెట్టుకోవచ్చు. బడి పిల్లలతో చేయించడానికి ఇంతకన్నా మంచిది నాకు తెలియదు. చిన్నపిల్లలైతే ఖాతా అక్కర్లేకుండా వాడుకునే ‘సీక్’ అనే యాప్ కూడా వీళ్లదే ఉంది, దాంతో మొదలుపెట్టించండి.

దీంతో కుదరనిది లెక్క. అరవై నీటికాకులు ఉన్నా ఇక్కడ ఒక ఫొటో ఒక నమోదే. చూడనిదాన్ని చెప్పే వీలు లేదు. దూరంగా ఎగిరిపోయిన పక్షి, ఆకుల్లో కూసిన కోయిల ఫొటోకు చిక్కవు కాబట్టి చాలావరకు లెక్కలోకి రావు. పెద్ద లెన్సు ఉన్నవాళ్ల పక్షులే ఎక్కువగా చేరతాయి.

రెండూ వాడొచ్చా అంటే హాయిగా వాడొచ్చు. నడక లిస్టు ఈబర్డ్‌లో, అదే నడకలో తీసిన పురుగులు, పూలు, గుర్తుపట్టలేని పక్షి ఐనాచురలిస్ట్‌లో పెట్టండి. పేరు తేలాక ఈబర్డ్ లిస్టును సరిచేసుకోవచ్చు, అప్పటిదాకా ‘గుర్తు తెలియని డేగ జాతి’ అన్న స్థాయిలో రాసి ఉంచొచ్చు. ఈబర్డ్ డేటా, ఐనాచురలిస్ట్‌లో రీసెర్చ్ గ్రేడ్ వచ్చిన నమోదులు చివరికి జీబీఐఎఫ్ అనే ప్రపంచ జీవవైవిధ్య భాండాగారానికి చేరతాయి, కాబట్టి ఎక్కడ పెట్టినా వృథా పోదు.

మన దేశంలోనే పుట్టిన ‘ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్’ కూడా 2008 నుంచి ఉంది. అన్ని రకాల జీవులనూ తీసుకుంటుంది. ఇప్పటికే దాంట్లో పెడుతున్నవాళ్లు మానక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం గుర్తించి చెప్పేవాళ్లు ఎక్కువమంది ఉన్నచోటే త్వరగా ఉత్సాహం వస్తుంది.

మెర్లిన్ గురించి ఒక జాగ్రత్త

ఈ మధ్య చాలామంది పక్షులతో ప్రేమలో పడుతున్నది మెర్లిన్ అనే యాప్ వల్లే. ఫోన్ పట్టుకుని నిలబడితే చుట్టూ కూస్తున్న పక్షుల పేర్లు ఒక్కొక్కటిగా తెర మీద పడుతుంటాయి. ఇది కూడా కార్నెల్ వాళ్లదే, ఉచితం. నేర్చుకోవడానికి అద్భుతమైన తోడు.

కానీ మెర్లిన్ పేరు చెప్పింది కదా అని అన్నిటినీ లిస్టులోకి ఎక్కించకండి. మన పసుల పోలిగాడు షిక్రా డేగ గొంతును అనుకరించగలదు. అడవుల్లో ఉండే దాని బంధువు రాకెట్-టెయిల్డ్ డ్రోంగో ఇంకా ఎన్నో పక్షుల గొంతులు పలికిస్తుంది. ఫోన్ విన్నది డేగ కూతే, కూసింది మాత్రం డేగ కాదు. పేరు పడగానే అటు తిరిగి చెట్టులో వెతకండి. కళ్లతో చూసో, ఆ గొంతు మీకే బాగా తెలిసో నమ్మకం కుదిరితే రాయండి. గుర్తుపట్టడానికి మెర్లిన్, నమోదు చేయడానికి ఈబర్డ్ అని రెండు పనులనూ విడిగా పెట్టుకోవాలి.

ఎవరికి ఏది

ఫొటోగ్రాఫర్లకు నా విన్నపం కాస్త గట్టిగానే ఉంటుంది. మీ హార్డ్ డిస్కుల్లో తేదీతో, సమయంతో సహా వేల రికార్డులున్నాయి. నేలపట్టులో గూడబాతులను, అటపాకలో పిల్లలకు మేత పెడుతున్న పక్షులను, తేలినీలాపురంలో ఎర్రకాళ్ల కొంగలను ఏళ్ల తరబడి తీసి ఉంటారు. అప్పుడు ఎంతసేపు ఉన్నారో, ఇంకేం చూశారో గుర్తులేకపోతే పూర్తి లిస్టు అనకుండా ఈబర్డ్‌లో ఆ ఒక్క పక్షితోనే పాత తేదీ లిస్టు వేసి ఫొటో జతచేయండి. ఫొటో మీద హక్కు మీదే ఉంటుంది. ఇకపై వెళ్లినప్పుడు మాత్రం కెమెరా తీసే ముందు లిస్టు మొదలుపెట్టడం అలవాటు చేసుకోండి.

ఊళ్లో ఉండేవాళ్ల లిస్టుకు నగరంలో ఉండేవాళ్ల లిస్టు కన్నా విలువ ఎక్కువని నేను నమ్ముతాను. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులకు వెళ్లి లిస్టులు వేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం హోదా వచ్చాక అక్కడికి వెళ్లేవాళ్లూ ఎక్కువే. మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో మండలాల నుంచి మాత్రం లిస్టులు చాలా అరుదుగా వస్తాయి. మీ పొలం దగ్గర నెలకు ఒకసారి, ఒకే దారిలో, అరగంట నడిచి వేసిన లిస్టు ఆ మండలానికే మొదటి రికార్డు కావొచ్చు. చాతక పక్షి ఏ వారంలో మొదట కూసింది, గిజిగాళ్లు ఎప్పుడు గూళ్లు మొదలుపెట్టాయి అన్నవి పొలంలో ఉండేవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తాయి?

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉండి అక్కడ ఈబర్డ్ వాడుతున్న తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అదే ఖాతా ఇక్కడా పనిచేస్తుంది. సెలవులకు ఊరొచ్చినప్పుడు అమ్మమ్మ వాళ్ల దొడ్లో పావుగంట లిస్టు రోజుకొకటి వేసి వెళ్లండి.

ఇంగ్లిష్ అడ్డమయ్యేవాళ్లు జంటగా పనిచేయాలి. పక్షులు తెలిసిన పెద్దాయన, ఫోన్ తెలిసిన కుర్రాడు కలిస్తే మంచి లిస్టు తయారవుతుంది. పెద్దాయన చెప్పిన పేరు తెలుగులో కామెంట్ దగ్గర అలాగే రాయండి. 1986 జనవరిలో కడప జిల్లాలో కలివికోడి మళ్లీ దొరికింది ఇలాంటి జోడీ వల్లే. అప్పటికి దాదాపు ఎనభై ఆరేళ్లుగా ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనుకున్న పక్షి అది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బొమ్మ పట్టుకుని ఊళ్లలో అడిగితే ఆ పక్షిని ఎరిగినవాళ్లు స్థానికులే. దాన్ని రాత్రిపూట పట్టి చూపించింది కూడా ఒక స్థానిక వేటగాడే. ఆ తర్వాతే 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

పంచుకోకూడనివి

పంచుకోమని ఇంతసేపు చెప్పినా, కొన్నిటి విషయంలో నోరు కట్టుకోవాలి. గూడు ఉన్న చెట్టు లొకేషన్ ఏ గ్రూపులోనూ పెట్టకండి. పది మంది ఫొటోగ్రాఫర్లు ఒకేసారి చేరితే తల్లి గూడు వదిలేసే ప్రమాదం ఉంది. గుడ్లగూబల చోటు అసలే చెప్పకండి, దీపావళి సమయంలో వాటిని క్షుద్రపూజల కోసం పట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రామచిలుకలను, కంజు పిట్టలను వలవేసి పట్టేవాళ్లు కూడా ఫోన్లు వాడతారు. బట్టమేక పిట్ట, కలివికోడి లాంటి అత్యంత అరుదైన పక్షి మీకు కనిపిస్తే ముందు అటవీ శాఖకు, తెలిసిన పరిశోధకులకు చెప్పండి.

ఈ విషయంలో యాప్‌లే వాట్సాప్ కన్నా నయం. ఈబర్డ్ ప్రమాదంలో ఉన్న కొన్ని జాతుల ఖచ్చితమైన చోటును బయటివాళ్లకు చూపించదు. ఐనాచురలిస్ట్ ముప్పు ఉన్న జాతుల లొకేషన్‌ను తనంతట తానే చెదరగొట్టి చూపిస్తుంది. మీ నమోదు భద్రంగా ఉంటుంది, వేటగాడికి దారి తెలియదు. వాట్సాప్‌లో పంపిన లొకేషన్ ఎన్ని చేతులు మారుతుందో ఎవరూ చెప్పలేరు.

మీ భద్రత కూడా చూసుకోండి. ఇంటి దొడ్లో వేసే లిస్టుకు ఇంటి మీద కాకుండా వీధి మొదట్లో పిన్ పెట్టి, ఇంటి నంబరు లేకుండా పేరు పెట్టండి. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు లిస్టును అక్కడి నుంచే కాకుండా ఇంటికి చేరాక పంపడం మంచిది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఈరోజు సాయంత్రమే కిటికీ దగ్గర నిలబడి పావుగంట లిస్టు ఒకటి వేయొచ్చు. నలుగురితో కలిసి మొదలుపెడితే బాగుండు అనుకునేవాళ్లకు ఏడాదిలో కొన్ని మంచి సందర్భాలున్నాయి. జనవరిలో నీటి పక్షుల లెక్క జరుగుతుంది. ‘ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్’ అనే ఈ లెక్క 1987 నుంచి నడుస్తోంది, కొల్లేరు, పులికాట్ లాంటి చోట్ల నిపుణుల పక్కన నిలబడి గుంపులను లెక్కపెట్టడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఉండదు. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ ఉంటుంది, దానితోపాటే కాలేజీల్లో, యూనివర్సిటీల్లో క్యాంపస్ లెక్క కూడా. ఉపాధ్యాయులు, లెక్చరర్లు పిల్లలను కలుపుకోవడానికి ఇది చాలా అనువైనది. మేలో ప్రపంచమంతా ఒకే రోజు పక్షులను లెక్కపెట్టే ‘గ్లోబల్ బిగ్ డే’ వస్తుంది, ఎండలు మండుతున్నా మన దగ్గర ఆ రోజు పొద్దున్నే బయల్దేరేవాళ్లున్నారు. హైదరాబాద్‌లో డెక్కన్ బర్డర్స్ ఉంది. 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్‌గా మొదలైన సంఘమే అది. వాళ్ల నడకలకు కొత్తవాళ్లు కూడా వెళ్లొచ్చు. మొదటిసారి వెళ్లినప్పుడు లిస్టు వేసే మనిషి పక్కనే నడవండి, ఏ పక్షి దగ్గర ఎంత రాశారో, ఎందుకు రాశారో అడగండి. విసుక్కోకుండా చెబుతారు, ఎందుకంటే వాళ్లకూ ఒకప్పుడు ఇంకొకరు అలాగే చెప్పారు.